ఎండాకాలం దోస్తులతో ఓరుగల్లు చుట్టూ తిరగడం ఎలా?

ఏప్రిల్ సగానికి రాగానే అందరూ అడిగేది ఒక్కటే: "పరీక్షలు అయిపోయినయ్, హైదరాబాద్ నుంచి దోస్తులు వస్తున్నరు, ఈ ఎండలో వరంగల్‌లో ఏం చేయాలె?" అడిగేవాళ్లలో సగం మంది మనసు గోవా మీద ఉంటుంది. వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, దానికో పేరు కూడా పెట్టేసి ఉంటారు. జూన్ వచ్చేసరికి ఆ గ్రూపులో మిగిలేవి గుడ్ మార్నింగ్ బొమ్మలే.

నేను చెప్పే పద్ధతిలో పెద్ద టూరు లేదు. వారానికి ఒక చిన్న తిరుగుడు, ఊళ్లో గడిపే ఒక్క రాత్రి తప్ప ఎక్కువలో ఎక్కువ సగం రోజు, ఇంటి నుంచి 80 కిలోమీటర్ల లోపు. ఉగాది దాటిన దగ్గర్నుంచి మృగశిర కార్తె దాకా ఇదే. లీవు పెట్టే పని లేదు, హోటల్ బుకింగ్ లేదు. ఖర్చు కూడా చాలా వారాలు టిఫిన్ పైసల దగ్గరే ఆగిపోతుంది.

కావాల్సినవి

మనుషులు: ఐదుగురి నుంచి ఎనిమిది మంది. నలుగురే ఉంటే ఇద్దరు మానేసిన వారం ప్లాన్ కూలిపోతుంది. పది దాటితే టిఫిన్ సెంటర్లో కూర్చోవడానికే అరగంట పడుతుంది. బండ్ల మీద పోయేవాళ్లు సరి సంఖ్యలో ఉంటే మంచిది.

సామాన్లు:

- మనిషికి రెండు లీటర్ల నీళ్లు. "అక్కడ కొనుక్కుందాం" అనుకోవద్దు, పొద్దున ఆరింటికి గుట్ట కింద దుకాణం తెరిచి ఉండదు.
- నూలు తువ్వాల, టోపీ.
- పాత సాక్సులు ఒక జత. ఎందుకో కింద చెప్తాను.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, టార్చి, ఒక చాప, చెత్త వేయడానికి సంచి.
- ఆడవాళ్ల దగ్గర తెలంగాణ అడ్రసు ఉన్న ఆధార్ కార్డు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ పైసలు లేవు, కానీ కండక్టర్ కార్డు అడుగుతారు. గ్రూపులో ఎక్కువ మంది ఆడవాళ్లైతే కారు మాట్లాడే ముందు బస్సు సంగతి ఆలోచించండి.

కెమెరా, స్పీకర్ అవసరం లేదు. ముఖ్యంగా స్పీకర్ ఇంట్లో పెట్టి రండి. పొద్దున ఆరింటికి కోటలో పాటలు పెడితే అక్కడ ఇళ్లల్లో ఉండేవాళ్లు తిడతారు, తిట్టాలి కూడా.

1. ముందు టైం ఖాయం చేయండి, చోటు తర్వాత

మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. కాబట్టి మీకు దొరికేవి రెండు ముక్కలు: పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు. మధ్యలో బయట తిరిగే ప్లాన్ ఏదైనా సరే, కొట్టేయండి.

ఈ రెండు ముక్కలూ ఒకటి కావు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సాయంత్రం చల్లబడుతుంది కదా అని ఆరింటికి కోటకు పోతారు. గాలి చల్లబడుతుంది గానీ రాయి చల్లబడదు. రోజంతా తాగిన వేడిని చీకటి పడ్డాక కూడా కక్కుతూనే ఉంటుంది. గోడకు ఆనుకుని కూర్చుంటే వీపు కాలుతుంది. అదే రాయి పొద్దున ఆరింటికి చల్లగా ఉంటుంది. అందుకని రాయి ఉన్న చోట్లకు పొద్దుగాల, నీళ్లు, చెట్లు, నాటకాలు ఉన్న చోట్లకు మాపటికి పోవాలి. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే సగం ప్లాన్ అయిపోయినట్టే.

సరి చూసుకోవడం సులువు. రాతి మీద అరచెయ్యి పెట్టి పది లెక్కపెట్టండి. మధ్యలోనే చెయ్యి తీసేశారంటే ఆ చోటు ఆ పూటకు పనికిరాదు, ఇంకో చోటికి నడవండి.

2. ప్రతి వారానికి ఒక పెద్దను పెట్టండి

ప్రతిసారీ ఒక్కరే ప్లాన్ వేస్తే మూడో వారానికి ఆ మనిషికి విసుగొస్తుంది, మిగతావాళ్లకు వంకలు పెట్టే అలవాటొస్తుంది. వంతులు వేసుకోండి. ఆ వారం పెద్ద ఎక్కడికంటే అక్కడికే. నచ్చకపోయినా పోవాలి, మీ వంతు వచ్చినప్పుడు మీరు చెప్పుకోండి.

గ్రూపులో "ఎవరెవరు వస్తరు?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవ్వరూ జవాబివ్వరు, ఇచ్చినా "చూస్తా" అంటారు. ఇలా పెట్టండి:

"ఆదివారం పొద్దున 5:15. వరంగల్ స్టేషన్ ముందు. ఖిలా వరంగల్. 8:30కి టిఫిన్, 9:30కి ఎవరింట్లో వాళ్లు. మనిషికి 150 నాకు పంపండి. రానివాళ్లే శనివారం రాత్రి 8 లోపు చెప్పండి."

ఇందులో చర్చకు పెట్టింది ఏమీ లేదు, గమనించండి. మెసేజ్ గురువారమే పోవాలి. శనివారం రాత్రి పెడితే అప్పటికి సగం మంది ఆదివారం ఇంటి పనికి ఒప్పుకుని ఉంటారు.

ఇంట్లో పర్మిషన్ సంగతి కూడా ఇక్కడే. అమ్మలు అడిగేవి మూడే: ఎటు పోతున్నవ్, ఎవరెవరు పోతున్నరు, ఎన్నింటికి వస్తవ్. పై మెసేజ్ చూపిస్తే మూడింటికీ జవాబు దొరుకుతుంది. రాత్రి కార్యక్రమాలైతే ఆడపిల్లలను ముందు ఇళ్ల దగ్గర దింపి, తర్వాతే మిగతావాళ్లు పోవాలి. ఒక్కసారి చెప్పిన టైంకి వచ్చి చూపిస్తే రెండోసారి ఇంట్లో గొడవ ఉండదు. ఒక్కసారి తప్పితే ఆ ఎండాకాలం అంతే సంగతి.

3. మొదటి వారం: కోట

మొదటి తిరుగుడు దగ్గర్లో, తేలిగ్గా ఉండాలి. "చిన్నప్పుడు స్కూల్లో తీసుకపోయిన్రు" అని ఎవరో ఒకరు అంటారు. చిన్నప్పుడు చూసింది తోరణం ముందు వరుసలో నిలబడి దిగిన ఫొటో వరకే.

మట్టి కోట దాటుకుని లోపలికి పోండి. తర్వాత రాతి కోట వస్తుంది, దానికి 45 బురుజులు. నడిమధ్యలో స్వయంభూ శివాలయం శిథిలాలు, దాని నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ వచ్చాక రాజముద్రలోకి ఎక్కింది ఈ తోరణమే. పడిపోయిన రాళ్ల మధ్య తీరిగ్గా తిరగండి. శిల్పాలు పైన చూస్తే మెడ నొప్పి, ఇక్కడ కాళ్ల దగ్గరే ఉంటాయి: హంసలు, ఏనుగులు, పగిలిన నంది ముఖం. పక్కనే ఖుష్ మహల్, పెద్ద పెద్ద కమానులతో, బయటి గోడలు లోపలికి ఒరిగినట్టు ఉంటాయి. ఓపిక ఉంటే ఏకశిల గుట్ట ఎక్కొచ్చు, కానీ ఏడు లోపే.

ఊరికే తిరిగితే అరగంటలో బోరు కొడుతుంది. అందుకో చిన్న ఉపాయం. ముందురోజే ఒక్కొక్కరికి ఒక్కో సంగతి పంచండి. ఒకరికి రుద్రమదేవి, ఒకరికి ప్రతాపరుద్రుడు, ఒకరికి కాకతీయుల తర్వాత ఈ కోటను ఏలిన షితాబ్ ఖాన్, ఒకరికి మోటుపల్లి రేవులో గణపతిదేవుడు వేయించిన శాసనం. అక్కడ నిలబడి ఒక్కొక్కరు ఐదు నిమిషాలు చెప్పాలి, ఫోన్ చూసి చదవకూడదు. తప్పులు చెప్తారు, మిగతావాళ్లు పట్టుకుంటారు. అసలు మజా అంతా ఆ పట్టుకోవడంలోనే ఉంది.

కోట అందరూ చూసి ఉంటే వేయిస్తంభాల గుడికి మార్చండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లు ఉన్న గుడి. విప్పి మళ్లీ పేర్చిన కల్యాణ మండపాన్ని 2024 శివరాత్రికి తెరిచారు. చాలా ఏళ్లు అది రాళ్ల కుప్పగానే ఉంది కాబట్టి, కాలేజీ రోజుల తర్వాత అటువైపు పోనివాళ్లు తప్పకుండా చూడాలి.

జాగ్రత్త: కోటలో జనం నివాసం ఉంటారు. ఇళ్ల ముందు బండ్లు పెట్టకండి, పొలాల్లోంచి అడ్డం పడి నడవకండి. తోరణాల మీదికి ఎక్కి ఫొటోలు దిగే సరదా ఉన్న దోస్తును ముందే హెచ్చరించండి.

4. మాపటి పూటలు: కట్ట మీద, హాల్లో

భద్రకాళి చెరువు కట్ట సాయంత్రాలకు పెట్టింది పేరు. ఇంత తెలిసిన చోటు గురించి రాయడానికి ఏమీ లేదు. ఒక్క మాట మాత్రం: వైశాఖంలో భద్రకాళి గుడిలో కల్యాణ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో వాహన సేవ చూడటానికి పోతే కట్ట మీద నడక కూడా కలిసొస్తుంది. బండి మాత్రం దూరంగా పెట్టి నడవాలి.

హాల్లో జరిగే కార్యక్రమాలు ఎక్కడ తెలుస్తాయి అని చాలామంది అడుగుతారు. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబర్‌లో మొదలైంది. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉండనే ఉంది, మిమిక్రీతో ఈ ఊరికి పేరు తెచ్చినాయన పేరు మీద. నృత్య ప్రదర్శనలు, కవి సమ్మేళనాలు, పుస్తకావిష్కరణలు, నాటకాలు నడుస్తుంటాయి. చాలావాటికి టికెట్ ఉండదు. తెలుసుకోవడానికి పేపర్ జిల్లా పేజీలో మూలన చిన్న అక్షరాలతో వేసే కార్యక్రమాల జాబితా చూడండి. లేదంటే అటు పోయేటప్పుడు గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీలు చదవండి. ఆన్‌లైన్‌లో వెతికితే దొరికేది చాలావరకు అయిపోయినవాటి ఫొటోలే.

కార్డు మీద సాయంత్రం ఐదున్నర అని ఉంటుంది. నమ్మకండి. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ఉపన్యాసాలు, శాలువాలు, మెమెంటోలు అన్నీ అయ్యేసరికి గంట దాటుతుంది. ముందు మిర్చి బజ్జీలు తిని, ఆరున్నరకు పోండి. పిల్లల నాట్యమైతే మాత్రం టైంకే పోవాలి, మేకప్ కరిగిపోతుందని వాళ్ల గురువులు ఆలస్యం చేయనివ్వరు. పేరిణి ప్రదర్శన ఉందని తెలిస్తే మిగతా ప్లాన్లన్నీ పక్కన పెట్టండి. రామప్ప శిల్పాలు, జాయపసేనాని నృత్తరత్నావళి ఆధారంగా నటరాజ రామకృష్ణ మళ్లీ బతికించిన నాట్యం అది. మద్దెల దెబ్బకు ముందు వరుసలో కుర్చీ అదురుతుంది.

5. ఒక రాత్రి ఊళ్లో: ఒగ్గుకథ, చిందు యక్షగానం

ఇది చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ఎండాకాలం మొత్తానికి ఇదే అసలైంది.

యాసంగి కోతలు అయిపోయాక ఊళ్లలో పెద్దమ్మ, ఎల్లమ్మ, బీరప్ప పండుగలు చేస్తారు. రాత్రి కథ పెట్టిస్తారు. ఒగ్గుకథంటే ప్రధాన కథకుడు, పక్కన వంత పాడేవాళ్లు, డోలు, తాళాలు, నపీర అనే ఊదే వాద్యం. మల్లన్న కథో, బీరప్ప కథో తెల్లారేదాకా నడుస్తుంది. కథకుడు ఒక్క తువ్వాలను నెత్తికి చుట్టి రాజవుతాడు, అదే భుజం మీద కొంగులా వేసుకుని తల్లవుతాడు, పొట్లం చేసి చేతుల్లోకి తీసుకుంటే అదే పసిబిడ్డ. దగ్గర కూర్చుంటేనే ఇది కనిపిస్తుంది, వీడియోలో తేలిపోతుంది. చుక్క సత్తయ్య ఈ జనగామ వైపు మనిషే. చిందు కళాకారులు వేషాలు కట్టి ఆడే చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యదీ జనగామ జిల్లానే.

ఎలా పోవాలంటే:

మీ గ్రూపులో ఊరున్న దోస్తును పట్టుకోండి. వాళ్ల పెదనాయినకో, మేనమామకో ఫోన్ చేయించి, పండుగ ఏ రోజు, కథ ఉందా లేదా కనుక్కోండి. పిలవకుండా ఊడిపడితే ఎవరూ వెళ్లగొట్టరు, కానీ అన్నం పెట్టకుండా కూడా పంపరు. ఎనిమిది మందికి అప్పటికప్పుడు వండాలంటే ఆ ఇంటి ఆడవాళ్లకు కష్టం. ఎంతమంది వస్తున్నారో ముందే చెప్పండి. పోయేటప్పుడు రెండు పుచ్చకాయలో, బుట్టెడు మామిడిపండ్లో పట్టుకుపొండి.

కథ దగ్గర చాప వేసుకుని కింద కూర్చోండి, కుర్చీ ఇస్తే ఊరి పెద్దమనుషులకు వదిలేయండి. కథకులకు పైసలు చదివించేటప్పుడు మీరూ తలా ఇంత వేసి, గ్రూపు పేరు మీద కాకుండా మీ దోస్తు ఇంటి పేరు మీద ఇవ్వండి. మైకులో ఆ పేరు చదువుతారు, ఆ ఇంటికి గౌరవం. వీడియో తీయాలంటే ముందు అడగండి. దేవర సామాను దగ్గర, పట్నం ముగ్గు మీద కాలు పెట్టకండి. కొన్ని ఊళ్లలో యాటను కోసే పూట ఉంటుంది. చూడలేని వాళ్లు గ్రూపులో ఉంటే ఆ టైం ముందే అడిగి తెలుసుకోండి.

నడిరాత్రి రెండింటికి బండి మీద వాపసు రావద్దు. నిద్రమత్తు ఒకటి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఒకటి, రెండూ ప్రాణం మీదికి తెస్తాయి. ఆ ఇంటి డాబా మీద పడుకుని తెల్లారి ఐదింటికి బయల్దేరండి. దుప్పటి తీసుకుపొండి, తెల్లవారుజామున చలేస్తుంది, మే నెలైనా సరే.

6. ఒక దూరం తిరుగుడు: రామప్ప

హన్మకొండ నుంచి 65, 70 కిలోమీటర్లు. నాలుగున్నరకు కదిలితే ఆరింటి తర్వాత కొద్దిసేపట్లో గుడి ముందు ఉంటారు. బస్సులోనైతే ములుగు దాకా పోయి అక్కడ ఆటో మాట్లాడుకోవాలి, వాపసుకు కూడా అదే ఆటోను ఆపుకోండి. ఎనిమిది గంటలు దాటి ఆలస్యం అయ్యిందంటే గుడి కన్నా కాళ్లే గుర్తుంటాయి. చెప్పులు బయట విడిచి రాతి పలకల మీద ప్రదక్షిణ చేయాలి కదా, తొమ్మిది తర్వాత ఆ పలకలు పెనం లెక్క కాలుతాయి. పాత సాక్సులు తెమ్మన్నది ఇందుకే.

1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. గుడికి దేవుడి పేరు కాకుండా శిల్పి పేరు నిలిచింది. 2021లో యునెస్కో వారసత్వ కట్టడం అయ్యింది. శిఖరానికి వాడినవి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. పునాది కింద ఇసుక నింపారు. గైడ్ ఉంటే మాట్లాడుకోండి, ఎనిమిది మందికి పంచుకుంటే ఎక్కువ కాదు. లేదంటే చూసేది ఇలా: ముందు బయట ఎర్రటి ఇసుకరాయి, తర్వాత చూరు కింద నల్లరాతి మదనికలు (ఆడవాళ్ల శిల్పాలు), వాళ్ల నగలు, ఒక బొమ్మకైతే ఎత్తు మడమల చెప్పులు. ఆ తర్వాత లోపలి స్తంభాల మీద నాట్యగత్తెలు. నందిని చివరికి వదలండి. ఏ మూల నిలబడినా మనవైపే చూస్తున్నట్టు ఉంటుందంటారు, ఒక్కొక్కరు ఒక్కో మూల నిలబడి పరీక్షించండి.

ఎనిమిదిన్నరకు బయటపడి పక్కనే రామప్ప చెరువు కట్ట మీద టిఫిన్ చేయండి. అక్కడి నుంచి లక్నవరం పోదామని ఎవరో ఒకరు అంటారు. సొంత కారు ఉండి, నీడలో మధ్యాహ్నం గడిపే ఓపిక ఉంటేనే ఒప్పుకోండి. ఊగే వంతెన మీద పన్నెండింటికి నిలబడటం నాకైతే శిక్షలాగే అనిపిస్తుంది. లక్నవరాన్ని విడిగా ఇంకో సాయంత్రానికి పెట్టుకోవడం నయం.

బదులు చోట్లు: నర్సంపేట దాటాక పాకాల చెరువు, గణపతిదేవుని కాలం నాటిది, చుట్టూ అడవి కాబట్టి నీడ ఉంటుంది. పుస్తకాల పిచ్చి ఉన్న గ్రూపైతే సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర ఒకే పొద్దులో అయిపోతాయి. జనగామ మీదుగా తిరిగొస్తే పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి, ఉలితో బొమ్మలు తీసే చోటు చూడొచ్చు. పనిచేసేవాళ్లను ఆపి గంటలు మాట్లాడించినప్పుడు చిన్నదైనా ఏదో ఒకటి కొనాలి.

బొగత జలపాతానికి మాత్రం ఇప్పుడు పోకండి. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు మే నెలలో ఎండలో అంత దూరం పోయి బండలు చూసి వస్తారు. ఇంటర్నెట్‌లో ఉన్న ఫొటోలన్నీ వానాకాలానివి. ఆదిలాబాద్ వైపు కుంటాల కూడా అంతే. జూలై తర్వాత చూసుకోండి.

7. నీళ్ల దగ్గర పైలం

ఎండాకాలం పేపర్లో వచ్చే విషాద వార్తల్లో ఎక్కువ ఇవే, అందుకే విడిగా రాస్తున్నాను. చెరువుల్లో దిగకండి. పూడిక మట్టి తీసిన గుంతలు పైకి కనిపించవు, మోకాలి లోతులో నడుస్తూ రెండో అడుగుకే మునిగిపోతారు. కాకతీయ కాలువలో నీళ్లు పారుతున్నప్పుడు కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగకండి. సిమెంటు గోడలు ఏటవాలుగా, నాచు పట్టి ఉంటాయి. ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు.

బావిలో ఈత కొట్టాలని ఉంటే, ఆ బావి ఆసామి పక్కనే ఉండాలి, మెట్లు ఉండాలి. మోటారు కరెంటు ఆపేయాలి. నేర్చుకునేవాళ్లకు నడుముకు తాడు కట్టి, ఆ తాడు ఒడ్డు మీద బలమైన మనిషి చేతిలో ఉండాలి. ఇందులో ఒక్కటి తక్కువైనా ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకోండి. మునుగుతున్నవాడిని పట్టుకోవడానికి దూకకండి. తాడో, తువ్వాలో విసరండి.

8. తిండి

మధ్యాహ్నం దాకా నిలవాల్సిన తిండిలో బిర్యానీ ఉండొద్దు. కారు డిక్కీలో మూడు గంటలు ఉన్న చికెన్ ఎంత పేరున్న హోటల్‌ది అయినా పాడైపోతుంది. పులిహోర, సర్వపిండి నిలుస్తాయి. పెరుగన్నం పులవకుండా ఉండాలంటే పెరుగుతో కలపకండి. అన్నం మెత్తగా వండి మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేయండి. ఐదింటికి కలిపితే పది గంటలకు కమ్మగా తోడుకుని ఉంటుంది. ఉప్పు తినేటప్పుడే వేసుకోండి. ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు పక్కన ఉంటే ఇంకేం వద్దు.

తాటి ముంజలు రోడ్డు పక్కన కొనేటప్పుడు కాయను కళ్ల ముందే కొట్టించండి. ముందే తీసి నీళ్లలో వేసినవి తీసుకోకండి. వేలితో నొక్కితే లోపలికి పోవాలి, కొరికితే నీళ్లు చిమ్మాలి. గట్టిగా, కొబ్బరిలా ఉందంటే ముదిరిపోయింది. అలాంటివి నాలుగు తింటే రాత్రి కడుపునొప్పి ఖాయం.

కల్లు సంగతి అడగకుండా ఎవరూ ఉండరు. తెలిసిన గీత కార్మికుడు చెట్టు దింపి అక్కడే పోస్తే, పొద్దుగాలది, అదీ బండి నడపని వాళ్లకు. దుకాణంలో కల్లుకు దూరం. మత్తు పొడి కలిపిన కల్లు తాగి ఆసుపత్రుల పాలైనవాళ్ల వార్తలు మన దగ్గర కొత్తేమీ కాదు.

9. ఎండ దెబ్బ తగిలిందో లేదో చూసుకోవడం

పొద్దున ఆరు నుంచి పది దాకా ఎవరికీ ఒంటికి పోవాలని అనిపించలేదంటే నీళ్లు తక్కువ తాగుతున్నట్టు. వచ్చినా చిక్కటి పసుపు రంగుంటే అదే లెక్క. అప్పుడే ఓఆర్ఎస్ కలపండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే. చిక్కగా ఉండాలని తక్కువ నీళ్లు పోయకండి.

తలనొప్పి, పిక్కలు పట్టడం, వాంతి వచ్చినట్టు ఉండటం మొదటి గుర్తులు. నీడకు పోయి కూర్చోబెట్టండి, ఆ పూట ప్లాన్ ఆపేయండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, తడి తువ్వాల మెడకు, చంకల్లో పెట్టి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, పెద్దవాళ్లు పొయ్యమన్నా సరే.

10. మధ్యాహ్నం ఖాళీగా ఉండలేకపోతే

ఇంట్లోనే. అష్టాచెమ్మా, క్యారం, ఓమనగుంటలు. లేకపోతే హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది, నిజాం కాలంలో తెలుగు చదువు కోసం పెట్టిన గ్రంథాలయం. ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటూ ఒకే బల్ల దగ్గర కూర్చునే దోస్తులు ఉంటే అదృష్టమే. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లకు తెలిసినవాళ్ల ద్వారా పోవచ్చు. వరంగల్ డర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మగ్గం నడిచేటప్పుడు మాట్లాడకండి, రంగుల లెక్క తప్పుతుంది.

పైసల లెక్క, ఇంకా పద్ధతి పనిచేస్తోందా లేదా

లెక్క ఆ రాత్రే తేల్చండి. ఆ వారం పెద్ద మొత్తం ఖర్చు గ్రూపులో పెట్టాలి, టీ పైసలతో సహా. మిగిలింది వెనక్కి ఇవ్వకుండా వచ్చే వారానికి జమ చేయండి, మానేసినవాళ్లు మళ్లీ రావడానికి అదొక కారణమవుతుంది. ఎవరికైనా ఆ వారం చేతిలో లేకపోతే పెద్దకు విడిగా చెప్తే చాలు. గ్రూపులో పేరు పెట్టి అడగొద్దు. 150 రూపాయల కోసం దోస్తానా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మూడో వారం తర్వాత ఒకసారి చూసుకోండి. మీరు అడగకముందే "వచ్చే వారం ఎటు?" అని ఇంకొకరు అడుగుతున్నారా? అడుగుతుంటే దారిలో పడ్డట్టే. మెసేజ్ పెట్టేది ఇంకా మీరొక్కరే అయితే వంతులు సరిగ్గా నడవట్లేదు. తీసిన ఫొటోలన్నీ టిఫిన్ సెంటర్లోవే అయితే లేవడం ఆలస్యమవుతోంది, అరగంట ముందే బయల్దేరండి. ఎవరైనా వరుసగా రెండుసార్లు రాకపోతే గ్రూపులో కాకుండా ఫోన్ చేసి అడగండి. సగం సార్లు కారణం బండి లేకపోవడమే, వెనక సీటు చూపిస్తే అయిపోతుంది.

చివరి వారం జూన్ మొదట్లో, మృగశిర కార్తె వచ్చిన రోజు పెట్టుకోండి. ఆ రోజు చేపలు తినడం మన దగ్గర ఇంటింటి అలవాటు. పొద్దున ఏడింటికే చేపల మార్కెట్లో కాలు పెట్టే చోటు ఉండదు, ధర కూడా ఆ రోజు ఆకాశంలో ఉంటుంది. చెరువు చేప కావాలంటే తెలిసిన ముదిరాజు అన్నకు రెండు రోజుల ముందే చెప్పి, అడ్వాన్స్ ఇచ్చి పెట్టండి. ఎనిమిది మందికి నాలుగు కిలోలు సరిపోతాయి. అక్కడే కోయించి తెచ్చుకోండి. ఎవరింట్లో వండిస్తున్నారో ఆ అమ్మకు చింతపండు, మసాలా సామాను, నూనె మీరే కొనియ్యాలి. గిన్నెలు తోమే వంతు కూడా ముందే రాసి పెట్టుకోండి.